ఆగుత్తె అన్నాడు, నిజంగానే ఆగిపోయింది

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకటే గొడవ. గ్రాఫిక్స్ కార్డ్ మార్చాను, ఆట మధ్యలో ఆగిపోతోంది అని కొందరు, ప్రాసెసర్ తెచ్చి పెట్టాను, స్క్రీన్ నల్లగా ఉంది అని ఇంకొందరు. అందుకని ప్రింటర్ల వాళ్లు, వైఫై వాళ్లు ఒక్క నెల ఓపిక పట్టాలి, పేజీ మొత్తం వీళ్లకే ఇచ్చేస్తున్నా. గోడ కరెంట్‌ని కంప్యూటర్ భాగాలకి సర్దే డబ్బాని పవర్ సప్లై అని ఎవరైనా రాసుకోనివ్వండి, బెంగళూరు ఎస్పీ రోడ్‌లో ఏ షాపు మెట్లెక్కినా ఎస్‌ఎమ్‌పీఎస్ అనే అంటారు కాబట్టి నేనూ అదే అంటా.

ప్రశ్న: అన్నా, నాది ఐదేళ్ల కింద అసెంబుల్ చేయించిన సిస్టమ్. రైజెన్ 5 3600, బీ450 బోర్డు, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 సూపర్. ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు. బోనస్ రాగానే ఆర్‌టీఎక్స్ 5070 కొన్నాను. ఎస్‌ఎమ్‌పీఎస్ 550 వాట్లది, క్యాబినెట్‌తో పాటే వచ్చింది. సరిపోతుందా అని షాపులో అడిగితే "ఆగుత్తె సార్, ఏనూ ప్రాబ్లమ్ ఇల్ల" అన్నాడు. మామూలు పనులకి బాగానే ఉంటోంది, ఆట మొదలుపెట్టి పది నిమిషాలయ్యేసరికి టక్కున ఆఫ్ అయి మళ్లీ దానంతట అదే ఆన్ అవుతోంది. కొత్త కార్డు పాడైందేమోనని టెన్షన్‌గా ఉంది. ప్రాసెసర్ కూడా 5700ఎక్స్3డీకి మార్చాలనుకుంటున్నా, నా బోర్డులో పడుతుందా?
— మారతహళ్లి నుంచి ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, కన్నడంలో ఆగుత్తె అంటే "అవుతుంది, పనిచేస్తుంది" అని. మన చెవికి మాత్రం "ఆగుతుంది" అని వినపడుతుంది. ఆ షాపాయన మాట కన్నడంలో తప్పింది గానీ తెలుగులో అక్షరాలా నిజమైంది.

కార్డు గురించి ఇప్పుడే కంగారు పడకు. నీలం స్క్రీన్ రాలేదు, బొమ్మ బిగుసుకుపోలేదు, రంగురంగుల గళ్లు కనిపించలేదు, లోడ్ పడినప్పుడు మాత్రమే టక్కున పోయింది అంటే మొదట అనుమానించాల్సింది ఎస్‌ఎమ్‌పీఎస్‌ని. విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే అందులో "కెర్నల్ పవర్ 41" అని ఎర్రగా కనిపిస్తుంది, దాన్ని చూసి విండోస్ తిరగేసి ఇన్‌స్టాల్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, నువ్వా పని చేయకు. సిస్టమ్ సరిగ్గా షట్ డౌన్ కాకుండా పోయింది అని చెప్పడం తప్ప ఎందుకు పోయిందో దానికీ తెలీదు.

ఇప్పుడు క్యాబినెట్ పక్క తలుపు తీసి ఎస్‌ఎమ్‌పీఎస్ మీద స్టిక్కర్ చదువు. పెద్ద అక్షరాల్లో ఉన్న 550ని వదిలెయ్, కింద చిన్న పట్టిక ఉంటుంది, అందులో +3.3 వోల్టులు, +5 వోల్టులు, +12 వోల్టులు అని గళ్లు ఉంటాయి. మనకి కావాల్సింది 12 వోల్టుల గడి. గ్రాఫిక్స్ కార్డూ ప్రాసెసరూ దాదాపు మొత్తం కరెంట్ ఆ 12 నుంచే లాక్కుంటాయి. అక్కడ ఎన్ని ఆంపియర్లు రాసి ఉంటే దాన్ని 12తో గుణించు. 45 అని ఉంటే 540 వాట్లు, అది నిజమైన 550. 32 అని ఉందనుకో, 384 వాట్లే, మిగతాదంతా 5 వోల్టులూ 3.3 వోల్టులూ కలిపి లెక్క నింపారన్నమాట, ఇప్పటి సిస్టమ్‌లో వాటితో పెద్దగా పని లేదు. కొన్నిటి మీద 12 వోల్టుల గళ్లు రెండు ఉంటాయి, ఒకదాంట్లో 18, ఇంకోదాంట్లో 16 అని. రెండూ కూడేస్తే కుదరదు, రెండిటికీ కలిపి గరిష్ఠం ఇంత అని పక్కన వాట్లలో రాసి ఉంటుంది, అదే చూడు. అసలు పట్టికే లేకపోతే ఇంక నన్ను అడగక్కర్లేదు, తీసి పక్కన పెట్టు.

నీ అవసరం ఎంతో చూద్దాం. ఆర్‌టీఎక్స్ 5070కి 250 వాట్లు. 5700ఎక్స్3డీని 105 వాట్ల ప్రాసెసర్ అంటారు గానీ ఆ తరగతికి సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) దగ్గర ఇచ్చిన హద్దు 142 వాట్లు. ఆటల్లో అంత ఎప్పుడూ తాగదు, అయినా లెక్క గట్టేటప్పుడు హద్దే వేసుకోవాలి. బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు, యూఎస్‌బీకి వేలాడేవి కలిపి 50, 60. మొత్తం 450. పాత కార్డు 100 వాట్లది, దాంతో ఇన్నాళ్లూ ఈ ఎస్‌ఎమ్‌పీఎస్ పరువు దక్కింది. ఇంకో చిక్కు కూడా ఉంది, గ్రాఫిక్స్ కార్డు 250 అంటే గీత గీసినట్టు 250 దగ్గరే ఉండదు, కంటికి కనపడనంత తక్కువసేపు ఒక్కసారిగా ఎగిరి పడుతుంది. సగటు చూస్తే సరిపోయినట్టే ఉంటుంది, ఆ ఎగిరిన క్షణంలో 12 వోల్టులు కిందకి జారితే సిస్టమ్ రీస్టార్ట్. ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ వచ్చిన కొత్తలో మంచి ఎస్‌ఎమ్‌పీఎస్‌లు ఉన్నవాళ్లు కూడా దీంతోనే తిప్పలు పడ్డారు. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో దీనికోసమే, సెకనులో పదివేలో వంతు సేపు రెట్టింపు లోడ్ వచ్చినా తట్టుకోవాలని నియమం పెట్టారు. కొనేటప్పుడు డబ్బా మీద ఏటీఎక్స్ 3.0 గానీ 3.1 గానీ ఉందా అని చూడమనేది అందుకే.

డబ్బు పెట్టేముందు ఒక పరీక్ష చేసుకో, ఖర్చేమీ లేదు. ఆటలో ఫ్రేమ్ రేట్‌ని 60కి కట్టెయ్, కార్డ్ సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్‌ని కిందకి ఎంతవరకు జరిగితే అంతవరకు లాగు. ఇలా గంటన్నర ఆడినా ఆఫ్ కాలేదనుకో, దొంగ దొరికినట్టే. అప్పటికీ ఆఫ్ అవుతుంటే కార్డుని స్నేహితుడి సిస్టమ్‌లో పెట్టి చూసి అప్పుడు వారంటీ సంగతి ఆలోచించు.

ఆ కార్డుకి ఎన్‌విడియా చెప్పే లెక్క 650 వాట్లు. నేనైతే 750ది తీసుకుంటా, ఎందుకంటే ఎస్‌ఎమ్‌పీఎస్ ఈ సిస్టమ్‌తో పోదు, తర్వాతి దానికీ వస్తుంది. గోల్డ్, బ్రాంజ్ అని రాసి ఉంటుంది చూశావా, అది గోడ నుంచి తీసుకున్న కరెంట్‌లో ఎంత వృథా చేయకుండా లోపలికి ఇస్తుందో చెప్పే ముద్ర. నాణ్యతకి పూచీ కాదది. గోల్డ్ ముద్ర ఉన్న నాసిరకమూ చూశాను, బ్రాంజ్‌తో పదేళ్లు నడిచినదీ నా దగ్గరే ఉంది. వారంటీ ఎన్నేళ్లు ఇస్తున్నాడో చూడు, ఐదేళ్లూ ఏడేళ్లూ ఇచ్చేవాడు లోపల ఏదో ఒకటి పెట్టే ఉంటాడు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేది మాత్రం గృహప్రవేశంలో పంచిన ప్లాస్టిక్ డబ్బా లాంటిది, మూత బాగానే పడుతుంది గానీ పప్పుచారు పోసుకుని బస్సెక్కితే బ్యాగంతా పప్పుచారే.

బిగించేటప్పుడు కార్డుకి 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. కొత్త ఎస్‌ఎమ్‌పీఎస్‌తో దాని కేబుల్ నేరుగా వస్తే హాయి. కార్డుతో ఇచ్చిన అడాప్టర్ వాడాల్సి వస్తే దాని రెండు మూతులకీ ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి రెండు వేరువేరు కేబుళ్లు తీసుకో. ఒకే కేబుల్‌కి చివర రెండు తలలుంటాయి, బద్ధకించి అది పెట్టొద్దు. మెలికలు తిప్పకుండా, సందు కనపడకుండా లోపలిదాకా నొక్కాలి. ఆర్‌టీఎక్స్ 4090 వచ్చిన 2022లో ఈ మూతులు కరిగిపోయిన ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి, సగం దూర్చి వదిలెయ్యడం దానికొక కారణమని తేల్చారు. ఇక హార్డ్‌డిస్క్ కేబుల్ నుంచి గ్రాఫిక్స్ కార్డుకి కరెంట్ లాగే సాటా కన్వర్టర్ ఎస్పీ రోడ్‌లో చవగ్గా దొరుకుతుంది, దాని జోలికి పోవద్దు. సాటా మూతి 12 వోల్టుల మీద ఇచ్చేది 54 వాట్లు, కార్డు 8 పిన్నుల సాకెట్ అడిగేది 150. మధ్యలో ఉన్న ప్లాస్టిక్ ఏమవుతుందో ఊహించుకో.

ప్రాసెసర్ సంగతి. పడుతుంది. బీ450 బోర్డులు 2018లో వచ్చినా బయోస్ (ఆన్ చేయగానే బోర్డుని నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే రైజెన్ 5000 వరుస ప్రాసెసర్లు నడుస్తాయి. అయితే "నడుస్తాయి" అన్న మాట నాది, నీ బోర్డు మాట వేరే ఉండొచ్చు. కంపెనీ సైట్‌లో నీ బోర్డు పేజీకి వెళ్లి సీపీయూ సపోర్ట్ జాబితా తెరువు, 5700ఎక్స్3డీ ఎదురుగా ఫలానా బయోస్ వెర్షన్ నుంచి అని రాసి ఉంటుంది. స్టార్ట్ మెనూలో "ఎమ్ఎస్ఇన్ఫో32" (msinfo32) అని టైప్ చేస్తే నీదగ్గర ఇప్పుడున్న వెర్షన్ కనపడుతుంది. బోర్డు పేరు అక్షరం తేడా లేకుండా చూడు, చివర "మ్యాక్స్" అనో "వీ2" అనో ఉంటే అది వేరే బోర్డు, వేరే ఫైలు.

వరుస మాత్రం తప్పొద్దు. పాత 3600 బోర్డులో ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి. చాలామంది కొత్త ప్రాసెసర్ బిగించాక బయోస్ గుర్తుకొచ్చి పాతది వెతుక్కుంటారు, అప్పటికే దాన్ని అమ్మేసి ఉంటారు, కొన్నవాడు విజయవాడ బస్సెక్కేసి ఉంటాడు. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32కి ఫార్మాట్ చేసి, ఫైలు అందులో వేసి, బయోస్ లోపలి నుంచే చెయ్, విండోస్ నుంచి చేసే సాఫ్ట్‌వేర్లు నాకు నచ్చవు. సాయంత్రం ఉరుములు మొదలయ్యాక అసలు ముట్టుకోవద్దు, మధ్యలో కరెంట్ పోతే బోర్డు పోయినట్టే, యూపీఎస్ ఉంటే దాని మీద పెట్టు. అప్‌డేట్‌కి ముందే బిట్‌లాకర్ (విండోస్ డ్రైవ్‌కి వేసే తాళం) రికవరీ కీ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకో, ఇది మర్చిపోవద్దు. ప్రాసెసర్ మారగానే బోర్డు "కొత్త సీపీయూ వచ్చింది, ఎఫ్‌టీపీఎమ్ రీసెట్ చేయనా, వై ఆర్ ఎన్" అని అడుగుతుంది, ఎఫ్‌టీపీఎమ్ అంటే ఆ తాళం చెవి దాచుకునే చోటు, వై నొక్కాక విండోస్ ఆ కీ అడగొచ్చు, అప్పుడది చేతిలో లేకపోతే డ్రైవ్‌లో ఉన్నదంతా తాళం పెట్టిన బీరువాలో ఉన్నట్టే.

ఇంకో ముచ్చట. మీ ప్రాసెసర్ కాళ్లు దానికే ఉంటాయి, సాకెట్‌కి కాదు. ఐదేళ్ల థర్మల్ పేస్ట్ గట్టిపడి ఉంటుంది, కూలర్‌ని నిలువుగా లాగావంటే దాంతో పాటు ప్రాసెసర్ కూడా సాకెట్ లోంచి ఊడి చేతికొస్తుంది, కాళ్లు వంగుతాయి. ముందు ఒక పావుగంట ఆట ఆడి వేడెక్కించి, ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చేసి తియ్యి. 5700ఎక్స్3డీ డబ్బాలో కూలర్ రాదు, 3600తో వచ్చిన చిన్నది దానికి చాలదు, ఆ ఖర్చు కూడా వేసుకో. ఆ ప్రాసెసర్ కొత్తది దొరక్కపోతే దిగులు పడి డబుల్ రేటుకి కొనొద్దు, 5700ఎక్స్ కూడా మంచిదే, పైగా అది 65 వాట్ల తరగతి.

కార్డు పొడవు క్యాబినెట్‌లో పట్టిందో లేదో నిన్ను అడగక్కర్లేదు, ఆల్రెడీ బిగించావు కదా.

ప్రశ్న: నమస్తే సార్. నాది ఐ5 7400, బీ250 బోర్డు. మా ఆఫీసులో ఒకాయన ఐ5 9400ఎఫ్ ప్రాసెసర్ తక్కువకి ఇస్తానంటున్నారు. రెండిటికీ సాకెట్ ఎల్‌జీఏ 1151 అనే ఉంది. తీసుకోవచ్చా?
— కె.ఆర్. పురం నుంచి

జవాబు: తీసుకోవద్దండీ, ఎంత తక్కువకిచ్చినా సరే. ఇంటెల్ ఇక్కడ చేసిన పని ఒకే ఇంటి పేరున్న రెండు కుటుంబాల లాంటిది, పేరు ఒకటే, చుట్టరికం లేదు. 6, 7 తరాల ప్రాసెసర్లు 100, 200 సిరీస్ బోర్డుల్లో నడుస్తాయి. 2017 అక్టోబరులో 8వ తరం వచ్చినప్పుడు సాకెట్ పేరు 1151 గానే ఉంచి, లోపల ఏ పిన్ను ఏ పని చేయాలో మార్చేశారు, దానికి 300 సిరీస్ బోర్డు కావాలి. మీ 7400 7వ తరం, ఆయనిచ్చే 9400ఎఫ్ 9వ తరం, దానికీ 300 సిరీస్ బోర్డే కావాలి. మీ బోర్డులో 9400ఎఫ్ చక్కగా కూర్చుంటుంది, గొళ్లెం కూడా పడుతుంది, స్క్రీన్ మాత్రం రాదు. పిన్నులకి టేపు అంటించి నడిపించే వీడియోలు చూపించి మిమ్మల్ని ఎవరైనా ఊరిస్తారేమో, అవి తీరిక ఉన్నవాళ్ల సరదాలు. పైగా పేరు చివర ఎఫ్ ఉందంటే అందులో డిస్‌ప్లే ఇచ్చే భాగం లేదని, గ్రాఫిక్స్ కార్డు లేకుండా మానిటర్ వెలగదు.

బీ250లో మీరు వెళ్లగలిగిన పైమెట్టు 7వ తరం ఐ7 దాకే. కానీ దాని మీద డబ్బు పెట్టమని నేను చెప్పను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, విండోస్ 11 అధికారికంగా ఇంటెల్‌లో 8వ తరం నుంచే తీసుకుంటుంది. ఆయన దగ్గర ఆ ప్రాసెసర్‌తో పాటు బోర్డు కూడా ఉందేమో అడగండి, రెండూ కలిపి ఇస్తే అప్పుడు బేరమాడొచ్చు, మీ డీడీఆర్4 ర్యామ్ కూడా అందులోకి పనికొస్తుంది. బోర్డు లేదంటే ఆ డబ్బు దాచుకుని 12వ తరం తర్వాతి సెట్ మొత్తం ఒకేసారి తీసుకోండి.

ఇలాంటిదే 10, 11 తరాల్లోనూ ఒకటుంది. రెండిటికీ సాకెట్ ఎల్‌జీఏ 1200, అయినా మామూలు హెచ్410, బీ460 బోర్డులు 11వ తరాన్ని తీసుకోవు. సాకెట్ నంబర్ చూసి కొనడం అంటే జాతకం చూడకుండా ఇంటి పేరు చూసి సంబంధం ఖాయం చేయడమే, బోర్డు సపోర్ట్ జాబితా చూడాల్సిందే.

ప్రశ్న: హెచ్610 బోర్డులో ఐ3 12100ఎఫ్ వాడుతున్నా. సెకండ్ హ్యాండ్ ఐ7 13700కే దొరుకుతోంది. సాకెట్ కలుస్తుంది, సపోర్ట్ జాబితాలో కూడా ఉంది. ఇంకేం చూడాలి బాస్?
— వైట్‌ఫీల్డ్

జవాబు: మీరు హోంవర్క్ చేసే వచ్చారు, సంతోషం. జాబితాలో ఉంది అంటే ఆన్ అవుతుంది అని అర్థం, పూర్తి వేగంతో పరిగెడుతుంది అని కాదు. 13700కే ప్రాథమికంగా 125 వాట్లు, ఊపు మీద ఉన్నప్పుడు 253 దాకా లాగుతుంది. మీ బోర్డులో సాకెట్ పక్కన ప్రాసెసర్‌కి కరెంట్ సర్దే చిన్న చిన్న నల్ల బిళ్లలుంటాయి, వీఆర్‌ఎమ్ అంటారు. చవక హెచ్610 బోర్డుల్లో వాటి సంఖ్య తక్కువ, మీద అల్యూమినియం దిమ్మ కూడా ఉండదు. అవి కాలడం మొదలవ్వగానే బోర్డు ప్రాసెసర్‌ని వెనక్కి లాగుతుంది, ఐ7కి డబ్బిచ్చి ఐ5 వేగం తెచ్చుకున్నట్టు. ఐ5 13400ఎఫ్‌కి ఊపు మీద కూడా 148 వాట్లే, మీ బోర్డుకి అదే పై హద్దు అనుకోండి.

సెకండ్ హ్యాండ్ అన్నారు కాబట్టి ఇంకోటి. 13, 14 తరాల్లో పెద్ద డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ తీసుకుని లోపల అరిగిపోతున్నాయని తేలి, 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాలు) సవరణలు ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పొడిగించింది. ఆ సవరణ బయోస్ అప్‌డేట్‌లో వస్తుంది. కొత్త అరుగుదల ఆగుతుంది, అప్పటికే అరిగింది మాత్రం తిరిగి రాదు. పాత యజమాని బయోస్ అప్‌డేట్ చేశాడో లేదో మీకు తెలీదు. అందుకే ఆ ఐ7ని బిల్లు, వారంటీ లేకుండా నేనైతే కొనను.

ప్రశ్న: అన్నా, పీజీలో ఉంటున్నా. 600 వీఏ యూపీఎస్ ఉంది. పనిచేసుకునేటప్పుడు ఏ గొడవా లేదు. గేమ్ పెట్టగానే కుయ్ కుయ్‌మని అరుస్తుంది, కరెంట్ పోతే సిస్టమ్ కూడా వెంటనే పోతుంది. బ్యాటరీ మార్చాలా?
— బీటీఎమ్ లేఅవుట్

జవాబు: బ్యాటరీ పాతదైతే అదీ ఒక కారణమే గానీ నీ విషయంలో అరుపుకి కారణం వేరే. 600 వీఏ అంటే 600 వాట్లు కాదు తమ్ముడూ, వెనక చిన్న అక్షరాల్లో చూడు, 360 వాట్లు అని ఉంటుంది. నీ సిస్టమ్ లోపల 400 వాట్లు తాగుతుంటే ఎస్‌ఎమ్‌పీఎస్ తన కమీషన్ కలుపుకుని గోడ నుంచి 450 దాకా లాగుతుంది, దానికి మానిటర్ తోడు. 1100 వీఏ, 660 వాట్లది తీసుకో. ఎస్‌ఎమ్‌పీఎస్‌లో యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ నుంచి కరెంట్‌ని సాఫీగా లాగే ఏర్పాటు) ఉంటే కొన్ని చవక యూపీఎస్‌లు ఇచ్చే మెట్లుమెట్ల కరెంట్ దానికి గిట్టదు, మారే క్షణంలో ఆఫ్ అయిపోతుంది, వీలైతే ప్యూర్ సైన్ వేవ్, అంటే గోడ కరెంట్ లాగే నునుపైన కరెంట్ ఇచ్చేది చూడు, రేటు ఎక్కువే. అది ఎంత పెద్దదైనా ఆట సేవ్ చేసి షట్ డౌన్ చేసుకోవడానికే, దాని మీద ర్యాంక్ మ్యాచ్ పూర్తి చేద్దామనుకోకు.

ప్రశ్న: బాబూ, మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో ఏడు. కంప్యూటర్‌కి 850 వాట్ల గోల్డ్ ఎస్‌ఎమ్‌పీఎస్ కావాలంటున్నాడు. కార్డు ఆర్‌టీఎక్స్ 5060 అట. 850 వాట్లంటే మిక్సీ కంటే ఎక్కువ కదా, రోజంతా ఆన్‌లో ఉంటే బిల్లు ఎంతొస్తుందో అని భయంగా ఉంది.
— యలహంక నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, బిందె పెద్దదైతే దాహం ఎక్కువ కాదు కదా. 850 అనేది అది ఇవ్వగలిగిన గరిష్ఠం, రోజూ కాల్చేది కాదు. లోపల ఏ వస్తువు ఎంత అడిగితే అంతే ఇస్తుంది. సినిమా చూస్తుంటే మొత్తం సిస్టమ్ వంద వాట్ల లోపే, ఆట ఆడుతుంటే ఆ కార్డుతో మూడొందలు దాటడం కూడా కష్టమే. నాలుగొందలే వేసుకుందాం, రోజుకి మూడు గంటలు ఆడితే 1.2 యూనిట్లు, నెలకి 36. మీ ఇంట్లో రెండు వేల వాట్ల గీజర్ పొద్దున అరగంట వేస్తే ఒక యూనిట్, అంటే అబ్బాయి ఆట గీజర్ కంటే కొంచెమే ఎక్కువ. ఆ మూడు గంటలు నిజంగా మూడు గంటలేనా అన్నది మీరు చూసుకోవాలి, అది నా శీర్షికలోకి రాదు.

అయితే 850 అక్కర్లేదన్న మాట మాత్రం నిజం. 5060కి 145 వాట్లు, తయారీదారు చెప్పే ఎస్‌ఎమ్‌పీఎస్ 550. మంచి 650 కొనండి, గోల్డ్ అయినా బ్రాంజ్ అయినా మీ బిల్లులో తేడా నెలకి టీ ఖర్చంత. వాడు 850 కోసం గట్టిగా పట్టుబడితే మాత్రం వచ్చే ఏడాదికి ఇంకేదో పెద్ద కార్డు మనసులో ఉన్నట్టే, ఇప్పుడే అడిగి తేల్చుకోండి.

ప్రశ్న: ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చాను. పాత కేబుళ్లు క్యాబినెట్ వెనక నీట్‌గా కట్టేసి ఉన్నాయి కదా అని వాటినే కొత్తదానికి గుచ్చాను, కరెక్ట్‌గా పట్టాయి. ఆన్ చేయగానే కాలిన వాసన, ఎస్ఎస్‌డీ, హార్డ్‌డిస్క్ రెండూ కనపడటం లేదు.
— హొరమావు

జవాబు: అయ్యో. ఊడదీసే కేబుళ్లున్న ఎస్‌ఎమ్‌పీఎస్‌లలో బోర్డు వైపు, డిస్క్ వైపు మూతులకి ప్రమాణం ఉంది గానీ ఎస్‌ఎమ్‌పీఎస్ వైపు మూతికి ప్రమాణం లేదు. ఏ కంపెనీ ఇష్టం దానిది, ఒకే కంపెనీ రెండు మోడళ్లలో కూడా తేడా ఉండొచ్చు. ఐదు వోల్టులు వెళ్లాల్సిన తీగలో పన్నెండు వెళ్లింది. హార్డ్‌డిస్క్‌లో ముఖ్యమైన ఫోటోలుంటే ఇంకోసారి కరెంట్ ఇవ్వకుండా డేటా రికవరీ వాళ్లకి చూపించండి, కొన్నిసార్లు కింది సర్క్యూట్ బోర్డు మాత్రమే పోతుంది, లోపలి ప్లేట్లు బాగానే ఉంటాయి. ఎస్ఎస్‌డీ మీద ఆశ తక్కువ. ఆ పాత కేబుళ్లని ఇంట్లో ఉంచొద్దు, మీరే మళ్లీ ఎప్పుడో వాడేస్తారు.

ప్రశ్న: కొత్త సిస్టమ్ బిగించుకున్నా, క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోంది. ఎస్‌ఎమ్‌పీఎస్ డిఫెక్టా? అద్దె ఇల్లు.
— ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: చివరి ముక్కలోనే జవాబుంది. అద్దె ఇల్లు. ప్లగ్ బోర్డులో మూడో రంధ్రం కనిపిస్తుంది గానీ దాని వెనక తీగ ఉందో లేదో దేవుడికి తెలియాలి. ప్రతి ఎస్‌ఎమ్‌పీఎస్ ముందు భాగంలో కరెంట్‌లోని అలజడిని వడకట్టే చిన్న కెపాసిటర్లు ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి క్యాబినెట్ లోహానికి కలిపి ఉంటాయి. ఎర్తింగ్ ఉంటే ఆ కాస్త లీకేజీ భూమిలోకి పోతుంది, లేకపోతే క్యాబినెట్ మీద 230లో సగం దాకా వోల్టేజీ నిలబడుతుంది. కరెంట్ చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది, కానీ ఎర్తింగ్ లేదంటే రేపు నిజంగా లోపల ఫేజ్ తీగ తగిలినప్పుడు కాపాడేది ఏమీ లేదన్నట్టే, గీజర్ కూడా అదే వైరింగ్ మీద ఉంది కదా.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలిపించండి. మొదటిది 230 దగ్గర, రెండోది ఒకటి రెండు వోల్టులు ఉండాలి. "ఎర్త్ లేకపోతే ఏముంది సార్, న్యూట్రల్‌కి కలిపేస్తా" అనేవాడు వస్తే కాఫీ ఇచ్చి పంపించెయ్యండి, ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగిందంటే క్యాబినెట్ మొత్తం ఫేజ్ అయి కూర్చుంటుంది. ఓనర్‌తో మాట్లాడటం కష్టమే, నాకూ తెలుసు, అడ్వాన్స్ ఆయన దగ్గరుంది.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో ఎస్‌ఎమ్‌పీఎస్ కొన్నా. వెనకాల 115, 230 అని చిన్న ఎర్ర స్విచ్ ఉంది. ఇప్పుడు 115 కనిపిస్తోంది. తక్కువలో పెడితే సేఫ్ కదా అన్నా?
— బెళ్లందూరు

జవాబు: ప్లగ్ పెట్టకముందే ఈ ప్రశ్న పంపావనే ఆశతో రాస్తున్నా. పెట్టకు! 115 అనేది అమెరికా లాంటి దేశాల కరెంట్‌కి, మనది 230. ఆ స్విచ్ 115లో ఉంటే లోపలికొచ్చిన వోల్టేజీని రెట్టింపు చేసుకుంటుంది, మన 230ని రెట్టింపు చేస్తే కెపాసిటర్లు ఉంటాయా?

నేను మొట్టమొదట సొంతంగా బిగించిన సిస్టమ్‌లో సరిగ్గా ఇదే చేశాను. ఎస్పీ రోడ్‌లో ఒక సందులో కొన్న ఎస్‌ఎమ్‌పీఎస్, అమ్మినాయన చెప్పలేదు, నేను చూడలేదు. మా రూమ్మేట్లు ముగ్గురూ చుట్టూ నిలబడి ఉన్నారు, కొబ్బరికాయ కూడా కొట్టాం. స్విచ్ వెయ్యగానే ఢామ్మని ఒక్క చప్పుడు, ఫ్లోర్ మొత్తం కరెంట్ పోయింది, తెల్లటి పొగ, చేప మాడినట్టు వాసన రెండ్రోజులు పోలేదు. కింద పోర్షన్ ఆంటీ పైకొచ్చి కన్నడంలో ఏమందో అప్పట్లో నాకు అర్థం కాలేదు, ఇప్పుడైతే అయ్యేది.

ఇప్పటి మంచి ఎస్‌ఎమ్‌పీఎస్‌లు 100 నుంచి 240 దాకా వాటంతటవే సర్దుకుంటాయి, స్విచ్చే ఉండదు. ఆ ఎర్ర స్విచ్ ఉందంటే అది పాతకాలపు డిజైన్, గేమింగ్ కార్డుకి పెట్టొద్దు. పాత ఆఫీసు సిస్టమ్‌కి వాడుకుంటానంటే స్క్రూడ్రైవర్ మొనతో పక్కకి జరిపి 230 కనిపించేలా ఉంచి, మళ్లీ ఎవరూ కదపకుండా దాని మీద టేపు అంటించు.